పదిమందిలో పాము చావదు

ప్రతిదినము ఉదయమున ఉపాధ్యాయుడు తరగతిలో తెఱచు మొదటి పుస్తకము హాజరుపట్టీ. దానియందు కథ లేదు, పద్యము లేదు. పేరులును, పేరుల కెదురుగా గుర్తులును మాత్రమే యుండును. బహుమాన ప్రదానోత్సవమునాడు దానిని వేదికపై నుంచువారు లేరు. అయినను ఒక బాలుడు ఫలాని దినమున బడిలో నుండెనా లేదా యను వివాదము పుట్టినపుడు పెద్దలందఱును వెదకునది ఆ పుస్తకమునే.

ఓడలవారికిని ఇట్టి పుస్తక మొకటి కలదు. పూర్వకాలమున నావికులు త్రాటికి కట్టిన చెక్కదుంగను సముద్రములోనికి విసరి, త్రాడు సాగిన కొలదినిబట్టి యోడవేగము నెఱిగి, దానిని పుస్తకమున వ్రాసికొనుచుండిరి. ఆంగ్లభాషలో దుంగను లాగ్ అందురు. దుంగవలన తెలిసిన సంగతి వ్రాయబడుటచేత ఆ పుస్తకమునకు లాగ్ బుక్కని పేరు వచ్చెను. మన లేఖనములయందును ఇట్టి పుస్తకపు ప్రస్తావన కలదు. ఎస్తేరు గ్రంథమున, అహష్వేరోషు రాజు నిద్రపట్టని యొక రాత్రి రాజ్యపు సమాచార గ్రంథమును చదివించుకొనగా, మొర్దెకై తన ప్రాణమును గాపాడిన సంగతి యందు వ్రాయబడి యుండుట తెలిసెను. దానిని వ్రాసిన వ్రాయసకాని పేరు మన కెవ్వరికిని తెలియదు. అతడు వ్రాయనిచో మాత్రము ఆ మేలు మరుగునపడి యుండెడిది.

నేటి కంప్యూటరులు సైతము ఇట్టి చిట్టా నొకదానిని వ్రాసికొనుచుండును. సర్వరు తలుపు తట్టిన దెవరు, ఎన్ని గంటలకు తట్టిరి, పాస్‌వర్డు సరిగా చెప్పిరా, తప్పు చెప్పిరా, ఏ పని మధ్యలో నిలిచిపోయెను, ఇవన్నియు వరుసగా అందు వ్రాయబడుచుండును. ఏదేని చెడినపుడు నిపుణులు మొట్టమొదట జూచునది యీ చిట్టానే. దీనిని లాగ్ అనియే పిలుతురు. ఓడవారి పేరు యంత్రమునకు సంక్రమించినది. జావా యను భాషలో ప్రోగ్రాములు వ్రాయువారు ఈ పనిని ఎవరికి వారు మొదటినుండి చేసికొనక, దానికై సిద్ధపఱచబడిన సాఫ్ట్‌వేరును దెచ్చి తమ ప్రోగ్రామున చేర్చుకొందురు. అట్టివానిలో మిక్కిలి వ్యాప్తి గాంచినది లాగ్ ఫోర్ జే. అపాచీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ అను లాభాపేక్షలేని సంస్థ నీడను, కొలదిమంది స్వచ్ఛంద సేవకులు దీనిని పోషించుచున్నారు. దీని మూలపాఠమును ఎవరైనను చదువవచ్చును. ఎవరైనను ఉచితముగా వాడుకొనవచ్చును.

2021వ సంవత్సరము డిసెంబరు మాసమున ఈ వ్రాయసకాని విషయమై కంప్యూటరు లోకమంతయు కలవరపడెను. ఆ కలవరమునుండి మన పాఠశాలవారు, అనగా విద్యార్థులును, తలిదండ్రులును, ఉపాధ్యాయులును, నేర్చుకొనవలసిన దొకటి కలదని మా యభిప్రాయము. అందఱును వాడుకొనుచు ఎవ్వరును కనిపెట్టి చూడని పని చెడినపుడు, దానిని ఉచితముగా చేసియిచ్చినవానికంటె, తీసికొని చూడక విడిచినవానిదే యెక్కువ బాధ్యత. ఈ మాటను సమర్థించుటకే యీ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా తప్పు ఎట్టిదో తెలిసికొందము. ఒక పెద్ద కార్యాలయపు వాకిట గుమాస్తా యొకడు కూర్చుండి, వచ్చువారి పేరులను పుస్తకమున వ్రాయుచున్నా డనుకొనుడు. వినినది వినినట్లు వ్రాయుటయే అతని పని. ఒకనాడు క్రొత్తవా డొకడు వచ్చెను. ‘నీ పేరేమి?’ యని గుమాస్తా యడుగగా, వాడు పేరు చెప్పక, ‘ఊరిచివర నున్న ఫలాని యింటికి పోయి, అక్కడివా రిచ్చు కాగితమును దెచ్చి, అందున్నట్లు చేయుము’ అనెను. బుద్ధిగల గుమాస్తా యేమి చేయును? ఆ మాటలనే పేరు వ్రాయవలసిన చోట వ్రాసి, పై యధికారికి చూపును. ఈ గుమాస్తా యట్లు చేయలేదు. కలము క్రింద నుంచి, ఆ యింటికి పోయి, కాగితమును దెచ్చి, అందు ‘ఖజానా తాళము తీయుము’ అని యుండగా తీసెను. లాగ్ ఫోర్ జే చేసిన తప్పు సరిగా ఇట్టిదే.

ఇట్లు చేయుట దానికి ఎవరు నేర్పిరి? కీడు దలచి నేర్పినవారు లేరు. చిట్టాలో వ్రాయు వాక్యమున డాలరు గుర్తును, దాని వెంట మన బాలురు ఫ్లవరు బ్రాకెట్టులని పిలుచు గుర్తుల జంటయు కనబడినచో, వాని నడుమ నున్నది వట్టి మాట గాక సూచన యని గ్రహించి, ఆ సూచన చొప్పున వెదకి, దొరకినదానిని అచ్చట చేర్చు సదుపాయ మొకటి దాని కుండెను. తేదీని, యంత్రపు వివరములను తానే పూరించుకొనుట కిది యెంతయు అనుకూలము. 2013వ సంవత్సరమున ఈ సదుపాయమునకు జేఎన్‌డీఐ యను జావా సాధనమును జతపఱచిరి. జేఎన్‌డీఐ యనగా, పేరు చెప్పినచో ఆ పేరుగల వస్తు వెక్కడ నున్నదో వెదకి తెచ్చునది. అది తన యింటిలోని వస్తువులనే గాక, దూరమున నున్న పరాయి సర్వరులనుండియు వస్తువులను తేగలదు. తెచ్చినది ప్రోగ్రామైనచో, అది లోపల నడచుటకును వీలుండెను.

రెండు సదుపాయములను వేఱువేఱుగా జూచినచో దేనియందును దుర్బుద్ధి కనబడదు. రెండును కలిసిన చోట అపరిచితుని మాట పడినపుడు మాత్రము, వ్రాయవలసిన మాట ఆజ్ఞగా మాఱెను. లోనికి వచ్చువాని పేరు అడుగు పెట్టెలోనో, బ్రౌజరు తన్ను గూర్చి చెప్పుకొను చోటనో, దుర్జను డొకడు అట్టి వాక్యము నొకదానిని వ్రాసిన చాలును. సర్వరు దానిని చిట్టా కెక్కింపబోయి, ఆ దుర్జనుని సర్వరును వెదకికొని పోయి, వాని ప్రోగ్రామును దెచ్చి, తన యింటిలోనే నడుపును. అంతటితో ఆ యంత్రము పరాధీనము. జేఎన్‌డీఐ నిట్లు దుర్వినియోగము చేయవచ్చునని 2016లో అమెరికాయందు జరిగిన బ్లాక్ హ్యాట్ సభలో ఇరువురు పరిశోధకులు వివరించియే యుండిరి. ఆ హెచ్చరికను వినినవారు పలువురు. అది తమ చిట్టా వ్రాయువానికిని వర్తించునని తలచినవారు అరుదు.

2021 నవంబరు 24వ తేదీన చైనాదేశపు ఆలీబాబా క్లౌడ్ సంస్థలోని భద్రతా నిపుణు డొకరు ఈ లోపమును గనిపెట్టి, బజారున చాటక, అపాచీవారికి రహస్యముగా తెలియజేసిరి. పొరుగింటి గోడకు కన్నము చూచినవాడు మొదట ఇంటివానికి చెప్పుట ధర్మము, వారట్లే చేసిరి. అపాచీవారు మరమ్మతు సిద్ధము చేయుచుండగనే, డిసెంబరు 9వ తేదీన సంగతి బయటపడెను. లోపమును వాడుకొను విధానము సైతము ఎవరికి గావలసిన వారికి అందుబాటులోనికి వచ్చెను. మరునాడు దానికి సీవీఈ-2021-44228 అను సంఖ్యతో ప్రకటన వెలువడెను; నిపుణులు దానికి లాగ్ ఫోర్ షెల్ అని పేరు పెట్టిరి. లోపముల తీవ్రతను గొలుచు కొలమానమున దానికి పదింటికి పది వచ్చెను. 2.15.0 అను సవరించిన కూర్పును అపాచీవారు విడుదల చేసిరి. అది చాలదని తేలగా 2.16.0 కూర్పును, దాని వెంట 2.17.0 కూర్పును, మాసాంతమునకు 2.17.1 కూర్పును విడుదల చేసిరి.

క్రిస్మసు నక్షత్రములను ఇండ్ల ముందు వ్రేలాడదీయు ఆ దినములలో, అనేకదేశముల నిపుణులు నిద్రమాని యంత్రముల ముందు కూర్చుండిరి. హైదరాబాదు, బెంగుళూరు నగరములలోను, విదేశములలోను జావా పని చేయు మన తెలుగువారు వేలకొలది గలరు. ఈ పత్రికను చదువు తలిదండ్రులలో కొందఱి బిడ్డలకు ఆ రాత్రులు జ్ఞాపక ముండవచ్చును.

కలవరము ఎంతదూరము వ్యాపించెనో కొన్ని యుదాహరణముల వలన తెలియును. మన బాలురు ఎఱిగిన మైన్‌క్రాఫ్ట్ ఆటలో, ఆటగాండ్రు ఒకరితో నొకరు మాటలాడుకొను పెట్టెలో నొక్క వాక్యము వ్రాసి, ఆటను నడుపు సర్వరునే వశపఱచుకొన వీలయ్యెను. కెనడాలోని క్విబెక్ రాష్ట్ర ప్రభుత్వము ముందుజాగ్రత్తగా సుమారు 4,000 వెబ్‌సైట్లను మూసివేసి, ఏది సురక్షితమో పరీక్షించుకొని, తరువాతనే తెఱువ నారంభించెను. జర్మనీదేశపు సమాచార భద్రతా కార్యాలయము తన హెచ్చరికలలో నెల్ల తీవ్రమైన ఎఱుపు హెచ్చరికను ప్రకటించెను. బెల్జియము దేశపు రక్షణశాఖవారి యంత్రములపై ఈ మార్గముననే దాడి జరిగెను. మన దేశమున సెర్ట్-ఇన్ సంస్థవారు హెచ్చరికను వెలువరించిరి. అమెరికాలో సైసా యను భద్రతా సంస్థకు నాడు అధిపతిగా నుండిన జెన్ ఈస్టర్లీ, తన యుద్యోగకాలమంతటిలో జూచిన లోపములలో మిక్కిలి తీవ్రమైనవానిలో నిది యొకటి యని చెప్పిరి. డిసెంబరు 17వ తేదీన ఆ సంస్థ ప్రభుత్వ కార్యాలయముల కన్నిటికిని అత్యవసరాదేశము జారీ చేసెను.

ఇక అపరాధ మెవరిది యను ప్రశ్నకు వత్తము. నాడు మూడు విధములైన సమాధానములు వినబడినవి.

మొదటి సమాధానము, ఆ స్వచ్ఛంద సేవకులదే తప్పు అనునది. వారియందు తప్పు లేదని మేము వాదింపము. వ్రాయసకానికి ఆజ్ఞలు నెరవేర్చు అధికార మిచ్చుట కూర్పులోని దోషమే. కాని వారు ఈ పనికి జీతము గొనువారు కారు. పగలు తమ యుద్యోగములు చేసికొని, మిగిలిన వేళలను సెలవుదినములను దీనికి వెచ్చించువారే వారిలో ఎక్కువ. లోపము తెలిసిన వెంటనే వారు దానిని దాచలేదు, కాదనలేదు. దినముల వ్యవధిలో సవరించి, సవరణ చాలనపుడు మఱల సవరించి యిచ్చిరి. వారి పనిని ఏండ్ల తరబడి వాడుకొని, నిలువ చేసిన ధనముతో గొప్ప భవనములు కట్టుకొనిన వ్యాపార సంస్థలు ఎన్నియో కలవు. వానిలో ఆ గుమాస్తా యెట్లు వ్రాయుచున్నాడో యని ఒక్కదినమైనను పుస్తకము తిరుగవేసి చూచిన వెన్ని?

ఈ సందర్భమున జరిగిన యొక చిన్న సంగతి మా యభిప్రాయమును బలపఱచుచున్నది. స్వీడను దేశస్థుడైన డేనియల్ స్టెన్‌బర్గ్ కర్ల్ అను మఱియొక ఉచిత సాధనమును అనేక సంవత్సరములుగా పోషించుచున్నవాడు. కర్ల్ జావాలో వ్రాయబడినది కాదు. దానికిని లాగ్ ఫోర్ జేకును సంబంధము లేదు. అయినను 2022 జనవరిలో ఒక పెద్ద కంపెనీవారు అతనికి జాబు వ్రాసి, లాగ్ ఫోర్ జే విషయమై తమ ప్రశ్నలకు 24 గంటలలో సమాధానము లంపవలెనని కోరిరి. అతనితో వారికి ఒప్పందము లేదు. వారతనికి కాసైన నిచ్చినవారు కారు. తమ కెవరు సరకు అమ్మిరో, ఎవరు దానముగా నిచ్చిరో గుర్తింపలేని స్థితికి ఆ కంపెనీ వచ్చినది. దానమును హక్కుగా తలచువాడు దాతను సేవకునిగా జూచును. మన యిండ్లలోను ఈ దోషము లేదని చెప్పజాలము.

రెండవ సమాధానము, ఉచితముగా దొరకు వస్తువు లిట్లే యుండును, వెల యిచ్చి కొనినవే మేలు అనునది. ఈ మాట వినుటకు యుక్తియుక్తముగా తోచును, విచారించినచో నిలువదు. వెలపెట్టి కొనిన యంత్రములలోను, ప్రోగ్రాములలోను, లోపల కూర్చుండి చిట్టా వ్రాయుచుండినది అనేక స్థలముల ఈ లాగ్ ఫోర్ జేయే. కొనువాడు వెల యిచ్చెను. అమ్మినవాడు ఉచితముగా దొరకినదానిని లోపల నుంచి యమ్మెను. ఇంతేకాదు. మూలపాఠము తెఱచి యుండుటచేతనే పరాయిదేశపు నిపుణు డొకరు దానిని చదివి లోపమును పట్టుకొనిరి. సవరణ సరిపోలేదని ఇతరులు వెంటనే చూపగలిగిరి. మూసిన పెట్టెలో లోపము లుండవని కాదు, వానిని బయటివారు చూడజాలరు. కావున తెఱచి యుండుట దోషము కాదు. తెఱచి యుండినను చదువకపోవుట దోషము.

మూడవ సమాధానము మాది. వాడుకొనినవారిదే యెక్కువ బాధ్యత. మన పెద్దలు ‘పదిమందిలో పాము చావదు’ అని యొక సామెత చెప్పుదురు. పదిమంది చేరిన చోట పాము కనబడినచో, ఎదుటివాడు కొట్టునని ప్రతివాడును చూచుచుండును. పాము తప్పించుకొని పోవును. లాగ్ ఫోర్ జే విషయమున పదిమంది కాదు, లక్షలకొలది ప్రోగ్రాములవారు గుమిగూడి నిలిచిరి. ఇంతమంది వాడునది చెడ్డదిగా నుండునా యని ప్రతివాడును తలచెను. ఇంతమందిలో నెవరో యొకరు చూచియే యుందురని ప్రతివాడును నమ్మెను. ఆ నమ్మకమే లోపమునకు ఎనిమిదేండ్ల యాయుష్షు నిచ్చెను. ఊరి చెఱువును తలచుకొనుడు. నీరు ఊరందఱిది. పూడిక తీయుదినమున రానివాడు, గట్టు తెగిన దినమున ‘కట్ట వేసినవా డేడీ?’ అని కేకలు వేయుట న్యాయమా?

చూడకపోవుట ఒక దోషము కాగా, తన యింటిలో నేమున్నదో తెలియకపోవుట మఱియొక దోషము. డిసెంబరు మాసపు కలవరమున ఎక్కువ కాలము వ్యర్థమైనది మరమ్మతు చేయుటలో కాదు, వెదకుటలో. లాగ్ ఫోర్ జే ఒక ప్రోగ్రాములో నేరుగా నుండుట కొంత. ఆ ప్రోగ్రాము చేర్చుకొనిన సాధనములో నుండుట కొంత. ఆ సాధనము చేర్చుకొనిన వేఱొక సాధనములో నుండుట మఱికొంత. ఉప్పు కూరలో కలిసినట్లు కలిసిపోయిన దానిని వేఱుచేసి చూపుట యెట్లు? అమెరికా ప్రభుత్వము నియమించిన సైబర్ భద్రతా సమీక్షా మండలి ఈ విషయమునే తన మొదటి విచారణగా స్వీకరించి, 2022 జూలైలో నివేదికను ప్రకటించెను. అమెరికా ప్రభుత్వపు శాఖ యొకటి ఈ యొక్క లోపమునకై 33,000 గంటల పని వెచ్చించెనని అందు చెప్పబడినది. తన కొట్టులో నే సరకు లున్నవో పట్టీ వ్రాసికొనిన కిరాణా వర్తకునికి ఇట్టి వెదకులాట యుండదు. మందుసీసాపై లోపలి ద్రవ్యముల పేరులు వ్రాయుట ఏల? రోగికి ఏ ద్రవ్యము పడదో తెలిసినపుడు, సీసాలన్నిటిని కరగించి చూడక, పైచీటి చదివి తెలిసికొనుటకే కదా. సాఫ్ట్‌వేరునకును అట్టి ద్రవ్యముల పట్టీ యుండవలెనని పెద్దలు నేడు చెప్పుచున్నారు. ఆ మాటను మేము హృదయపూర్వకముగా నామోదించుచున్నాము.

ఆ నివేదికలోని మఱియొక సంగతి యింకను ఆలోచింపదగినది. దేశముల ముఖ్యావసరములైన వ్యవస్థలపై ఈ లోపము మూలమున ఘోరమైన దాడి జరిగినట్లు మండలివారికి కనబడలేదు. భయపడినంత నష్టము కలుగలేదు. ఇది దేవుని కృపయును, నిద్రమానిన వారి శ్రమయు నని మేము తలంతుము. అయినను ఈ లోపము ఊరిలో పాతుకొనిన జ్వరమువంటిదనియు, పాత యంత్రములలో పదియేండ్లు గాని అంతకు మించి గాని నిలిచియుండుననియు ఆ మండలివారు హెచ్చరించిరి. సవరించిన కూర్పు ఉచితముగా నెదుట నుండగా, పాత కూర్పునే దెచ్చి వాడుకొనినవారు ఆ తరువాతి సంవత్సరములలోను పెక్కుమంది యుండిరి. మందు కనిపెట్టబడినది, త్రాగువారు లేరు. ఈ స్థితిలో వైద్యుని నిందించి యేమి లాభము?

‘ఇది గొప్ప సంస్థల గొడవ, ఒక పాఠశాల యేమి చేయగలదు?’ అని చదువరులు అడుగవచ్చును. చేయగలిగినది చాల కలదని మా విశ్వాసము.

విద్యార్థులారా! మీలో ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొనుచున్నవారు ఒక్క నియమమును మనస్సున నిలుపుకొనుడు. బయటినుండి వచ్చిన మాట మాటయే. అది ఆజ్ఞ కాదు. పేరు అడిగిన పెట్టెలో ఎవరేమి వ్రాసినను, మీ ప్రోగ్రాము దానిని పేరుగానే స్వీకరింపవలెను. ఇతరులు వ్రాసిన సాధనమును తెచ్చుకొనినపుడు, దానిని వ్రాసిన దెవరో, అది యేమేమి చేయగలదో, కడపట ఎన్నడు సవరింపబడినదో చదువుడు. అక్కఱకు మించిన సదుపాయమును మూసి యుంచుడు. మీ నోటుపుస్తకమున మీ ప్రోగ్రాము ద్రవ్యముల పట్టీ వ్రాసికొనుడు. పరులయందు లోపమును గనిపెట్టినచో, ఆలీబాబా నిపుణునివలె మొదట ఇంటివానికి చెప్పుడు. అల్లరికై బయట చాటకుడు.

తలిదండ్రులకు మా విన్నపము. మీ చేతిలోని ఫోను ‘అప్‌డేట్’ చేయుమని యడిగినపుడు, రేపు చూతమని నెలల తరబడి వాయిదా వేయవలదు. ఆ సవరణ యెవరో నిద్రమాని చేసినది కావచ్చును. మఱియొక మాట. ‘మీ ఖాతా నిలిచిపోవును, ఈ లింకు నొక్కుడు’ అని తెలియనివారు పంపిన సందేశమును చదివి, అందున్నట్లు చేసి, కష్టార్జితమును పోగొట్టుకొనువారు మన పట్టణములలో నెందఱో కలరు. అక్కడ జరిగినదియు ఆ గుమాస్తా చేసిన తప్పే. చదువుట వేఱు, చెప్పినట్లు చేయుట వేఱు. ఆ భేదమును యంత్రమునకు నేర్పకముందు మనము నేర్వవలెను.

పాఠశాల పెద్దలకును ఒక సూచన చేయ సాహసించుచున్నాము. హాజరుపట్టీ యున్నట్లే, మన కంప్యూటరు గదిలోని యంత్రములకును ఒక పట్టీ యుండవలెను. ఏ యంత్రమున నే ప్రోగ్రాము లున్నవి, అవి యే కూర్పులు, కడపట సవరించిన తేదీ యేది, ఇవి యందు వ్రాయవలెను. ప్రతి మూడుమాసములకు ఇరువురు విద్యార్థులను పేరు పెట్టి దానికి కాపలా యుంచవలెను. పదిమందిలో పాము చావకున్న కారణ మేమి? ఎవరి చేతను కఱ్ఱ లేకపోవుట కాదు. కఱ్ఱ యెవరిదో నిర్ణయము లేకపోవుట. ఒకనికి పేరు పెట్టి కఱ్ఱ యిచ్చినచో పని జరుగును. దీనికి ధనము అక్కఱలేదు. ఒక పుస్తకమును, ఒక కలమును చాలును.

మన పాఠశాలలో చదివి, నేడు కంప్యూటరు వృత్తిలో జీవనము గడుపుచున్న పూర్వ విద్యార్థులు ఈ పంక్తులను చదివినచో, వారికిని ఒక మాట. మీరు ఉచితముగా తెచ్చుకొని వాడుచున్న సాధనములలో నొకదానిని ఎన్నుకొనుడు. సంవత్సరమున కొన్ని గంటలు దానికై వెచ్చింపుడు. తప్పు కనబడిన తెలుపుడు, వీలైన దిద్దుడు, మీ యజమాని సంపన్నుడైనచో, ఆ సేవకులకు ద్రవ్యసహాయము చేయుమని అడుగుడు. చెఱువులోని పూడికను ఒక్క తట్టెడు తీసినవాడును తీసినవాడే.

ఇవి పెద్ద మాటలు కావు. ఇందులో ఏ యొక్కటియు పత్రికలకెక్కదు. చిట్టా వ్రాయుట యెట్లు పేరులేని పనియో, చిట్టాను కనిపెట్టి చూచుటయు నట్లే పేరులేని పని. పేరు రాదను కారణముననే లోకము దానిని విడిచెను. విడిచినందుననే 2021 డిసెంబరున అంత కలవరము పడెను.

అహష్వేరోషు రాజు ఆ రాత్రి పుస్తకమును చదివించుకొనినపుడు, ‘ఇందునకై మొర్దెకైకి ఏ సన్మానము చేయబడెను?’ అని యడిగెననియు, ఏమియు చేయబడలేదని సేవకులు చెప్పిరనియు మనము ఆదివారపు బడిలో చదివియున్నాము. ప్రాణము నిలిపిన మేలు పుస్తకమున భద్రముగా నుండెను. చదువువాడు లేక అన్నాళ్లును అది పడియుండెను. మనము నిత్యము వాడుకొను వస్తువుల వెనుక ఎందఱు మొర్దెకైలు గలరో మన మెఱుగము. వారి పేరులు మూలపాఠముల యంచులయందు వ్రాయబడియే యున్నవి. ఈ సంవత్సరము మన కంప్యూటరు తరగతిలో, ఏ సాధనమునైనను తెఱచుటకు ముందు, దానిని వ్రాసినవారి పేరులను ఒక్కమాఱు చదివి, పిదప పని మొదలుపెట్టు నలవాటు కలుగవలెనని మేము కోరుచున్నాము. పేరు చదివినవాడు పనిని గూడ చదువును. పనిని చదువువా డొక్కడున్నను, ఆ గుంపులోని పాము తప్పించుకొనజాలదు.